గ్రనాదాకు నాలుగు రోజులు: ముందు టికెట్టు, ఆ తర్వాతే విమానం

స్పెయిన్ వెళ్లే మనవాళ్లు చాలామంది మాడ్రిడ్, బార్సిలోనా చూసుకుని తిరిగొచ్చేస్తారు. దక్షిణానికి దిగినవాళ్లు కూడా గ్రనాదాకు ఒక్క పూటే ఇస్తారు. మాలగా నుంచి పొద్దున బస్సెక్కి, అల్హంబ్రా కోటలో ఫొటోలు దిగి, సాయంత్రానికి వెనక్కి. అక్కడున్నది కోట ఒక్కటే కాదు. ఊరి వెనకే మంచు కొండ, దాని అవతలి వాలులో తెల్లటి పల్లెలు, తూర్పున మట్టి గుట్టల్లో తవ్వుకున్న ఇళ్లు, దక్షిణాన ఒకప్పుడు చెరకు పండిన సముద్ర తీరం ఉన్నాయి. అన్నీ ఒకే ప్రావిన్సు. బస్సులో గంట నుంచి రెండున్నర గంటల దూరం. నాలుగు రోజులుంటే తీరిగ్గా సరిపోతుంది. రెండు రోజులే ఉంటే పల్లెల జోలికి పోకుండా ఊరు మాత్రం చూడండి.

ముందే ఒక జాగ్రత్త. విమానం వెతికేటప్పుడు స్పెల్లింగ్ రెండుసార్లు చూసుకోండి. కరీబియన్ సముద్రంలో గ్రెనడా అనే ద్వీప దేశం ఉంది, ఇంగ్లీషులో ఒక్క అక్షరమే తేడా. మనకు కావాల్సిన విమానాశ్రయం కోడ్ జీఆర్‌ఎక్స్.

మొదటి పని: నస్రిద్ ప్యాలెస్‌ల టైమ్ పట్టుకోండి

ఈ ట్రిప్పులో ఆలస్యం చేయకూడని పని ఇదొక్కటే. హోటల్ రేపు దొరుకుతుంది, రైలు ఎల్లుండి దొరుకుతుంది. అల్హంబ్రా టికెట్టు దొరకదు. రోజుకు ఇంతమందినే లోపలికి పంపాలని పరిమితి ఉంది కాబట్టి ఏప్రిల్, మే, సెప్టెంబర్, అక్టోబర్ నెలల టికెట్లు వారాల ముందే అయిపోతాయి. అందుకే ముందు టికెట్టు తేదీ చూడండి, ఆ తేదీని బట్టి విమానం బుక్ చేయండి. నేను ఉల్టా చేశాను. విమానం, హోటల్ అన్నీ కట్టేసి వెబ్‌సైట్ తెరిస్తే నేనున్న మూడు రోజులూ ఖాళీ లేవు. రోజూ పొద్దున లేచి ఎవరైనా క్యాన్సిల్ చేశారేమోనని చూడటమే పనైంది. చివరికి దొరికింది కానీ ఆ టెన్షన్ మీకొద్దు.

టికెట్టు ఇలా తీసుకోండి.

అల్హంబ్రాను చూసుకునే సంస్థ పాత్రొనాతో. టికెట్లు అమ్మే అధికారిక సైట్‌కు దాని సొంత సైట్ నుంచే వెళ్లండి. వెతికితే పైన కనిపించే మిగతా సైట్లు చాలావరకు అదే టికెట్టుకు గైడును జోడించి రెట్టింపు, మూడింతలు తీసుకునేవి. అక్కడ ‘జనరల్’ అనే పగటి టికెట్టు ఎంచుకోండి. ధర 20 యూరోల చుట్టూ ఉంటుంది. అందులో మూడు భాగాలు: అల్కసాబా అనే పాత కోట, ఒకప్పుడు గ్రనాదాను ఏలిన ముస్లిం వంశం నస్రిద్ రాజుల ప్యాలెస్‌లు, హెనెరలీఫె అనే వేసవి విడిది తోటలు. ‘గార్డెన్స్’ అని చౌకగా ఇంకో టికెట్టు కనిపిస్తుంది. అందులో ప్యాలెస్‌లు ఉండవు. చౌకగా ఉంది కదా అని అది కొని గేటు దగ్గర బాధపడేవాళ్లు రోజూ ఉంటారు.

టికెట్టు మీద ఉండే టైమ్ నస్రిద్ ప్యాలెస్‌లకు మాత్రమే. మిగతా రెండు భాగాలు దానికి ముందో తర్వాతో చూసుకోవచ్చు. ఆ టైమ్‌కు ప్యాలెస్ తలుపు దగ్గర ఉండాలి. ఆలస్యమైతే లోపలికి పంపరు, ఎంత బతిమాలినా సరే. ఇక్కడే ఇంకో మెలిక ఉంది. ప్రధాన టికెట్టు కౌంటర్ల గేటు నుంచి ప్యాలెస్ తలుపు దాకా పావుగంట నడక. బస్సు దిగి ‘వచ్చేశాం’ అనుకుంటే మోసపోతారు. టైమ్‌కు ముప్పావు గంట ముందు గేటు దాటేయండి.

ప్రతి టికెట్టు మీదా ఆ మనిషి పేరు, పాస్‌పోర్టు నంబరు ఉంటాయి. ఒరిజినల్ పాస్‌పోర్టు జేబులో పెట్టుకునే కొండెక్కండి. పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఉచితమే, అయినా వాళ్లకూ విడిగా టికెట్టు తీయాలి.

పొద్దున 8:30 టైమ్ దొరికితే అదే తీసుకోండి. రెండో మంచి టైమ్ సాయంత్రం చివరిది. మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట వద్దు. జనం, ఎండ రెండూ అప్పుడే. డిసెంబర్ 25, జనవరి 1 తప్ప ఏడాదంతా తెరిచే ఉంటుంది. పగటి టికెట్లు పూర్తిగా అయిపోతే రాత్రి పూట ప్యాలెస్‌లు చూపించే టికెట్టు విడిగా ఉంది. దీపాల వెలుగులో అందంగానే ఉంటుంది కానీ చెక్కడాలు సరిగ్గా కనిపించవు.

వీసా, దారి

భారత పాస్‌పోర్టు ఉంటే షెంగెన్ వీసా కావాలి. అమెరికా గ్రీన్ కార్డు ఉన్నా, బ్రిటన్‌లో వర్క్ వీసా మీద ఉన్నా అంతే. మీరు ఉంటున్న దేశం నుంచే అప్లై చేయాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి. వేసవి సెలవుల ముందు అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం, కాబట్టి మూడు నెలల ముందే మొదలుపెట్టండి.

మాడ్రిడ్‌లో దిగితే అక్కడి నుంచి గ్రనాదాకు నేరుగా హైస్పీడు రైలుంది, మూడున్నర గంటల లోపే. ఈ రైలు 2019లోనే వచ్చింది. మాలగాలో దిగితే బస్సే మేలు, సుమారు రెండు గంటలు. కారు అద్దెకు తీసుకుందామనుకుంటే పల్లెలకు వెళ్లే రోజుకు మాత్రమే తీసుకోండి. గ్రనాదా పాత ఊళ్లోకి బయటి కార్లను రానివ్వరు. కెమెరాలు నంబరు ప్లేటు పట్టేస్తాయి, జరిమానా కార్ల కంపెనీ ద్వారా మీ కార్డుకే వస్తుంది. మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా ఉండాలి. మన ఆర్టీఏ ఆఫీసులోనే ఇస్తారు.

ఏ నెలలో? ఊరు సముద్ర మట్టానికి 700 మీటర్ల ఎత్తులో ఉంది. జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నాలు మన మే నెలను గుర్తుచేస్తాయి. డిసెంబర్, జనవరి రాత్రులు సున్నా దాకా దిగుతాయి. ఏప్రిల్ రెండో సగం, అక్టోబర్ బాగుంటాయి. ఈస్టర్ ముందు వారంలో మాత్రం ఊరేగింపులతో ఊరు కిటకిటలాడుతుంది, గదుల ధరలు రెట్టింపవుతాయి.

ఎక్కడ దిగాలి

అల్బయ్‌సీన్‌లో, అంటే అల్హంబ్రాకు ఎదురుగా ఉన్న కొండ మీది పాత ముస్లిం పేటలో, ఉండాలని అందరికీ ఉంటుంది. ఫొటోలు అలా ఉంటాయి మరి. కానీ అక్కడ సందులన్నీ గులకరాళ్లు పరిచినవి, సగం మెట్లే. సూట్‌కేసు చక్రాలు పనికిరావు. పెద్దవాళ్లు, చిన్న పిల్లలు ఉంటే ప్లాసా నుయేవా దగ్గరో, గ్రాన్ వియా వీధిలోనో, రెయలేహో పేటలోనో గది తీసుకోండి. కొండల మీదికి చిన్న బస్సులున్నాయి. సీ30 అల్హంబ్రాకు, సీ31 అల్బయ్‌సీన్‌కు. సీ32 రెంటినీ కలుపుతుంది. ఈ మూడు నంబర్లు గుర్తుంటే ఊళ్లో ట్యాక్సీ అవసరం పెద్దగా రాదు.

మొదటి రోజు: ఊరు, ఎదురు కొండ

చేరిన రోజే అల్హంబ్రా పెట్టుకోకండి. రైలు ఆలస్యమైతే టికెట్టు పోతుంది. మొదటి రోజు కింద ఊరు చూడండి.

కతీడ్రల్ పక్కనే కాపియా రెయల్ ఉంది. చిన్న చర్చి, అయినా నా లెక్కలో కతీడ్రల్ కన్నా ఇదే ముఖ్యం. గ్రనాదాను ఏలిన చివరి నస్రిద్ రాజు బోఅబ్దిల్ 1492 జనవరి 2న ఊరి తాళాలు అప్పగించాడు. తీసుకున్నది స్పెయిన్ క్రైస్తవ రాణి, రాజు ఇసబెల్, ఫెర్నాందో దంపతులు. ఇద్దరి సమాధులూ ఇక్కడే. పైన పాలరాతి శిల్పాల ఆడంబరం చూశాక మెట్లు దిగి కిందికి వెళ్లండి. చిన్న గదిలో మామూలు సీసపు పెట్టెలు కనిపిస్తాయి. అసలు రాజు, రాణి ఉన్నది వాటిలో.

అదే ఏడాది ఏప్రిల్ 17న, ఊరికి పడమరగా ఉన్న సాంతా ఫే అనే చిన్న పట్టణంలో, ఆ దంపతులు కొలంబస్‌తో ఒప్పందం రాసుకున్నారు. ఆసియాకు, అందులో మన దేశానికి, సముద్రం మీద పడమటి దారి వెతకడానికి. ఆ పట్టణం పేరుతోనే పియొనోనో అనే చిన్న స్వీటు ప్రసిద్ధి. గ్రనాదా బేకరీల్లోనూ దొరుకుతుంది, గుడ్డు ఉంటుంది.

కతీడ్రల్ చుట్టుపక్కల ఆడవాళ్లు వచ్చి చేతిలో రోజ్‌మేరీ కొమ్మ పెట్టబోతారు. తీసుకుంటే హస్తం చూడటం, ఆ తర్వాత డబ్బు అడగడం మొదలవుతుంది. చేతులు జేబులో పెట్టుకుని నడిచిపోండి. పక్కనే ఉన్న అల్కయ్‌సెరియా పాత పట్టు బజారు. 1843లో కాలిపోయాక తిరిగి కట్టారు. ఇప్పుడు సావనీర్ షాపులే ఎక్కువ. కొనాలనిపిస్తే తరసేయా అడగండి. చెక్కలో రంగురంగుల చెక్క ముక్కలు, ఎముక పొదిగి చేసే పెట్టెలు అవి, ఇక్కడి సొంత పనితనం.

ఎండ తగ్గాక ప్లాసా నుయేవా నుంచి దర్రో నది ఒడ్డునే నడవండి. నది అంటే మన పంట కాలువంత. ప్లాసా దగ్గర భూమి కిందికి దూరిపోతుంది, ఊరి నడిబొడ్డు దాని మీదే ఉంది. దారిలో బాన్యుయేలో అనే పాత స్నానశాల వస్తుంది. 11వ శతాబ్దపుది. పైకప్పులో నక్షత్రాల ఆకారంలో కన్నాలు, వాటిలోంచి వెలుతురు పడుతుంటుంది. అక్కడి నుంచి పైకి ఎక్కితే అల్బయ్‌సీన్.

సాన్ నికొలాస్ చర్చి ముందున్న అరుగు మీద నుంచి అల్హంబ్రా మొత్తం, దాని వెనక సియెర్రా నెవాదా కొండల మంచు కనిపిస్తాయి. అరబ్బీలో ‘అల్ హమ్రా’ అంటే ఎర్రనిది. పొద్దుగూకే వేళ ఆ గోడలు చూస్తే పేరెందుకు పెట్టారో తెలుస్తుంది. అయితే ఆ వేళకు అరుగు మీద కాలు పెట్టే సందు ఉండదు, దొంగల చేతులూ ఖాళీగా ఉండవు. మర్నాడు పొద్దున్నే ఇంకోసారి వెళ్లండి. అప్పుడు మీరు, రెండు పిల్లులు.

తిండి సంగతి

గ్రనాదాలో ఒక మంచి అలవాటు ఉంది. బారులో ఏదైనా తాగడానికి చెబితే దాంతో పాటు చిన్న ప్లేటు తిండి, తాపా, ఉచితంగా వస్తుంది. మందు తాగనివాళ్లు మోస్తో అనే ద్రాక్ష రసమో కూల్‌డ్రింకో చెప్పినా చాలా చోట్ల ఇస్తారు. రెండు మూడు బార్లు తిరిగితే రాత్రి భోజనం అయిపోయినట్టే.

చిక్కేమిటంటే ఆ ప్లేటులో ఏం వస్తుందో వాళ్లిష్టం. పంది మాంసం, అంటే హమోన్, ఊహించని చోట కూడా ఉంటుంది. చిక్కుడు గింజల కూర కదా అనుకుంటే అందులో హమోన్. సల్మొరేహో అనే చల్లటి టమాటా సూపు మీద కూడా చల్లుతారు. అక్కడివాళ్లకు అది కొత్తిమీర లాంటిది. కాబట్టి ముందే చెప్పండి: ‘సోయ్ వెహెతారియానో, సిన్ కార్నే, సిన్ పెస్కాదో, సిన్ హమోన్’. శాకాహారిని, మాంసం వద్దు, చేప వద్దు, హమోన్ వద్దు అని. ఆడవాళ్లయితే ‘వెహెతారియానా’ అనాలి. హమోన్‌ను విడిగా చెప్పడం అతి అనిపించొచ్చు, అవసరమే. సక్రొమోంతే తోర్తియా అని మెనూలో కనిపిస్తే ఉత్త ఆమ్లెట్ అనుకోకండి. అందులో మెదడు వగైరా వేస్తారు.

ధైర్యంగా చెప్పదగింది బెరెన్‌హేనాస్ కోన్ మియెల్ దె కాన్యా. వంకాయ ముక్కలు కరకరలాడేలా వేయించి, మీద చెరకు పాకం పోస్తారు. మన బెల్లం పాకం రుచే. వంకాయకు తీపి ఏమిటని మూతి తిప్పిన మా అమ్మ రెండో ప్లేటు చెప్పించింది. నారింజను అక్కడ ‘నరాంహా’ అంటారు. మన వైపు మాటే పర్షియా, అరేబియాల మీదుగా అక్కడిదాకా వెళ్లింది.

వేళలు కూడా మార్చుకోవాలి. మధ్యాహ్నం భోజనం రెండు తర్వాతే, రాత్రి తొమ్మిదికి ముందు వంటగదులు తెరవవు. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా చిన్న షాపులు మూసేస్తారు. పిల్లలుంటే బ్యాగులో అరటిపళ్లు, బిస్కెట్లు ఉంచండి. నీళ్ల సీసా కొనక్కర్లేదు. హోటళ్లు కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలని 2022లో చట్టం చేశారు. ‘అగ్వా దెల్ గ్రీఫో’ అని అడిగితే చాలు.

రెండో రోజు: అల్హంబ్రా

మంచి షూ వేసుకోండి. గోల్కొండంత నిటారుగా ఎక్కనక్కర్లేదు కానీ మొత్తం కలిపి మూడున్నర గంటల నడక. బ్యాగు చిన్నదే తీసుకెళ్లండి. లోపల దాన్ని వీపుకు కాకుండా ముందు వైపు తగిలించుకోమంటారు.

8:30 టైమ్ అయితే ముందు ప్యాలెస్‌లు, తర్వాత అల్కసాబా, చివర హెనెరలీఫె. ప్యాలెస్‌లలో దారి ఒకే వైపు సాగుతుంది, దాటి వచ్చాక వెనక్కి వెళ్లనివ్వరు. అందుకే తొందరపడకండి. గుంపు ఒకటి వస్తే పక్కకు జరిగి నిలబడండి, ఐదు నిమిషాల్లో వెళ్లిపోతుంది. తర్వాతి గుంపు వచ్చేలోపు గది మీదే.

ఏం చూడాలి? ఈ కోట పని 1238లో నస్రిద్ వంశం మొదటి రాజు మొహమ్మద్ మొదలుపెట్టాడు. మనం ఎక్కువగా మెచ్చుకునే భాగాలు 14వ శతాబ్దంలో యూసుఫ్, అతని కొడుకు ఐదో మొహమ్మద్ కట్టించినవి. కోమారెస్ ప్యాలెస్‌లో సింహాసనం గదిలోకి వెళ్లగానే తల పైకెత్తండి. ఎనిమిది వేలకు పైగా చెక్క ముక్కలు కలిపి ఏడు స్వర్గాలు చూపించిన పైకప్పు అది. చీకటిగా ఉంటుంది కాబట్టి కళ్లు అలవాటుపడే దాకా ఆగండి. గోడల మీద తీగల్లా అల్లుకున్నవి ఉత్త డిజైన్లు కావు, అక్షరాలు. ‘అల్లా తప్ప విజేత లేడు’ అనే నస్రిద్‌ల నినాదం వందల సార్లు కనిపిస్తుంది. ఒకసారి గుర్తుపట్టారంటే ఇక ప్రతి గోడ మీదా కనిపిస్తూనే ఉంటుంది. పిల్లలకు ఇదొక ఆట అవుతుంది. సింహాల ప్రాంగణంలో 12 సింహాల ఫౌంటెన్ పళ్లెం చుట్టూ చెక్కింది ఇబ్న్ జమ్రక్ అనే కవి పద్యం. గోడలు ఊసులాడే కోట అంటే ఇదే.

నీళ్లను గమనించండి. కొండ మీది కోటకు ఇన్ని కొలనులు, ఫౌంటెన్లు ఎలా వచ్చాయి? దర్రో నదికి ఎగువన, కొన్ని కిలోమీటర్ల అవతల అడ్డుకట్ట వేసి, వాలును పట్టుకుని కాలువ తవ్వి తెచ్చారు. పంపు లేదు, మోటారు లేదు. ఆ రాచ కాలువ హెనెరలీఫె తోట మధ్యలోంచే పారుతుంది. పైన మెట్ల పిట్టగోడలే కాలువలుగా ఉన్న చోట చెయ్యి ముంచి చూడండి.

మధ్యలో ఉన్న ఐదో కార్లోస్ రాజు ప్యాలెస్ 1527లో మొదలైంది. బయట చతురస్రం, లోపల గుండ్రటి ప్రాంగణం. నస్రిద్ సున్నితత్వం చూసి వచ్చాక ఇది కొంచెం మోటుగా తోస్తుంది. దీనికి టికెట్టు అక్కర్లేదు కాబట్టి అల్హంబ్రా దొరకనివాళ్లు కూడా న్యాయ ద్వారం గుండా వచ్చి ఇక్కడిదాకా చూసి వెళ్లొచ్చు.

మూడో రోజు: అల్పుహర్రా పల్లెలు

సియెర్రా నెవాదాలో ములసేన్ శిఖరం 3,479 మీటర్లు, స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ఐబీరియా ద్వీపకల్పంలో అన్నిటికన్నా ఎత్తు. బోఅబ్దిల్ తండ్రి పేరే దానికి పెట్టారు. ఆ కొండల దక్షిణపు వాలే అల్పుహర్రా.

గ్రనాదా బస్టాండు నుంచి పొద్దున బస్సు పట్టుకోండి. రోజుకు కొన్ని బస్సులే ఉంటాయి, తిరుగు బస్సు టైమ్ ముందే ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. ఒకే లోయలో మూడు పల్లెలున్నాయి: కింద పంపనేయిరా, మధ్యలో బుబియోన్, పైన కపిలేయిరా. చాలామంది కింద దిగి పైకి ఎక్కుతూ ఆయాసపడతారు. మీరు కపిలేయిరా దాకా బస్సులోనే వెళ్లి, కాలిబాట పట్టుకుని కిందికి దిగుతూ రండి. దాదాపు 400 మీటర్లు దిగాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను ఒక్క పల్లెలోనే కూర్చోబెట్టండి. కొండ దారి మలుపులకు కడుపు తిప్పేవాళ్లు బస్సెక్కే ముందే మాత్ర వేసుకోవాలి.

ఇళ్ల కప్పులు చూడండి. స్పెయిన్‌లో మిగతా చోట్ల ఎర్ర పెంకులుంటే ఇక్కడ చదును మిద్దెలు. కర్ర దూలాలు, రాతి పలకలు, వాటి మీద లౌనా అనే బూడిద రంగు మట్టి. నీళ్లు దిగనివ్వదు. రాయలసీమలో మట్టి మిద్దెల మీద చౌడు పోసిన ఇళ్లు చూసినవాళ్లకు ఆ పద్ధతి కొత్తగా అనిపించదు. కట్టినవాళ్లు ఇక్కడి ముస్లింలు. బలవంతంగా మతం మార్చిన తర్వాత 1568లో తిరగబడ్డారు. ఓడిపోయాక వాళ్లను ఈ ప్రాంతం నుంచి వెళ్లగొట్టారు. ఉత్తరం నుంచి కొత్తవాళ్లను తెచ్చి ఈ ఇళ్లలోనే దింపారు. మనుషులు మారారు, మిద్దెలు, కాలువలు మిగిలాయి. కరిగిన మంచు నీటిని ఇప్పటికీ ఆ కాలువలతోనే కొండ వాలుకు తిప్పి భూమిలోకి ఇంకనిస్తారు. వేసవిలో అదే నీరు కింద ఊటలై బయటికొస్తుంది.

కొనడానికి హరాపా అనే చారల దుప్పటి రగ్గులు బాగుంటాయి. మడత పెడితే సూట్‌కేసులో పడతాయి.

నాలుగో రోజు: గుహలా, సముద్రమా

రెండూ ఒకే రోజు కుదరవు. ఎంచుకోండి.

పిల్లలుంటే గ్వాదిక్స్. తూర్పున బస్సులో గంట దూరం. ఊరి అంచున మెత్తటి మట్టి గుట్టల్లో దాదాపు రెండు వేల గుహ ఇళ్లున్నాయి. చూపించడానికి కట్టినవి కావు, మనుషులు కాపురాలుంటున్నారు. ముందు తెల్లటి గోడ, తలుపు, వెనక ఇల్లంతా కొండలోపల. భూమిలోంచి తెల్లటి పొగగొట్టాలు పుట్టగొడుగుల్లా పైకి వచ్చి ఉంటాయి. బయట ఎండ మండినా, చలి కొరికినా లోపల ఇంచుమించు ఒకే చల్లదనం. ఒక మ్యూజియం గుహ ఉంది, ముందు అది చూడండి. దారిలో ఎవరైనా ‘మా ఇల్లు చూస్తారా’ అని పిలిస్తే వెళ్లొచ్చు, బయటికొచ్చేటప్పుడు కొంత ఇవ్వాలి. పిలవకుండా ఎవరి కప్పు మీదా ఎక్కకండి. మీరు గుట్ట అనుకునేది ఒకరి పడకగది.

అక్టోబర్ నుంచి వసంతం లోపు వెళ్తే మాత్రం నా ఓటు సముద్రానికే. దక్షిణాన గంటకు కాస్త పైన సలొబ్రేన్యా. బండ మీద తెల్లటి ఊరు, తల మీద నస్రిద్‌ల కోట. వెళ్లే దారిలో ‘సుస్పీరో దెల్ మోరో’ అనే కనుమ వస్తుంది. బోఅబ్దిల్ ఇక్కడే ఆగి చివరిసారి గ్రనాదాను చూసి నిట్టూర్చాడని కథ. బస్సు ఆగదు, కిటికీలోంచే చూడాలి.

మంచు కొండ ఉత్తరపు గాలిని ఆపేయడం వల్ల ఈ తీరంలో మామిడి, అవకాడో పండుతాయి. అరబ్బులు తెచ్చిన చెరకు వెయ్యేళ్లు పండింది. చివరి చక్కెర మిల్లు 2006లో మూతపడింది. ఇప్పుడు చెరకు చోట ఎక్కువగా కనిపించేది చిరిమోయా. మన సీతాఫలానికి దగ్గరి చుట్టం. కండ్లు లేని నున్నటి తోలు, గింజలు తక్కువ, గుజ్జు ఎక్కువ. కాస్త పులుపు. కూరగాయల షాపులో ‘ఈరోజు తినడానికి’ అని చెబితే వేలితో నొక్కి చూసి పండింది తీసి ఇస్తారు. ఊరికి తీసుకెళ్దామని నాలుగు ఎక్కువ కొనకండి, మర్నాటికే నల్లబడి కారిపోతాయి. ఒక చెంచా అడిగి తీసుకుని, కోట కింద నీడలో కూర్చుని అక్కడే తినేయండి. గింజలు మాత్రం కొరకొద్దు.